దీపం లేని ఊరు
(మా సోషల్ సారు వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

 

ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది మన ఊరి ఉత్తరాన ఉండిన పాటిగడ్డ, పాడుపడిన పాత ఊరి దిబ్బ. యాభై దాటినవాళ్లందరికీ ఆ గడ్డ తెలుసు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక శనివారం మధ్యాహ్నం సారు మమ్మల్ని అక్కడికి నడిపించుకుపోయారు. చెప్పులు లేని కాళ్లకు చిల్లపెంకులు గుచ్చుకుంటుంటే ఎగురుకుంటూ తిరిగాం. ఒకడికి గాజు ముక్క దొరికింది. నాకు కుండ మూతి దొరికింది. సారు దాన్ని చేతిలోకి తీసుకుని, అంచు మీద బొటనవేలితో నొక్కిన గుర్తు చూపించి, "ఇది కుమ్మరి వేలు" అన్నారు. నా వేలు ఆ గుంటలో పెట్టి చూసుకున్నాను. సరిగ్గా సరిపోయింది.

"ఈ ఊరు ఎందుకు పోయింది?" అని అడిగారు సారు. "గత్తరొచ్చి పోయిందంట సార్, మా నాయనమ్మ చెప్పింది" అన్నాడొకడు. "నాయనమ్మ చెప్పింది రాసుకో, కానీ అక్కడే ఆగకు" అన్నారు ఆయన.

అదే రోజు ఒక మాట నేర్పారు. మనుషులు లేకుండా పోయిన ఊరిని మన రెవెన్యూ లెక్కల్లో బేచిరాకు గ్రామం అని రాస్తారు. చిరాగ్ అంటే దీపం. సందెవేళ దీపం పెట్టే మనిషి లేని ఊరు బేచిరాకు. ఊరికి సర్వే నంబర్లుంటాయి, ఎల్లలుంటాయి, శిస్తు ఉంటుంది. దీపం ఒక్కటే ఉండదు.

ఇవాళ నేను చెప్పబోయేది అటువంటి ఒక ఊరి కథ. మన దేశంలోది కాదు. ఇంగ్లాండులో, యార్క్‌షైర్‌లో, వార్రం పెర్సీ అనే కుగ్రామం. అక్కడ ఐదు వందల ఏళ్ల కిందట దీపాలు ఆరిపోయాయి. ఆ ఊరి దగ్గర ఇద్దరు మనుషులు నలభై ఏళ్లు ఆగిపోయారు. వాళ్లు సారుకు తెలియదు, సారు వాళ్లకు తెలియదు. కానీ వాళ్లు అక్కడ చేసిన పని, సారు మాతో ఆ శనివారం మొదలుపెట్టించిన పని ఒకటే.

గడ్డి కింద వీధి

మా అమ్మాయి వాళ్లు లీడ్స్‌లో ఉంటారు. వాళ్లింటికి వెళ్లినప్పుడు నేను అడిగి మరీ చూసిన చోటు ఇది. మాల్టన్ అనే చిన్న పట్నం దాటి, వోల్డ్స్ అనే గుట్టల మీదికి దారి ఎక్కుతుంది. ఆ గుట్టలు సుద్దరాతివి. దున్నిన చేలో మట్టి తెల్లతెల్లగా కనిపిస్తుంది. కారు రోడ్డు మీదే ఆపి, కిలోమీటరు పైన కాలిబాటన లోయలోకి దిగాలి. దిగాక కనిపించేది పచ్చిక, ఒక కూలిన గుడి, ఒక చెరువు. అంతే.

మా అల్లుడు, "మామయ్యా, ఇక్కడ చూసేదేముంది?" అన్నాడు. పొద్దు వాలేదాకా ఆగుదామన్నాను. ఎండ ఏటవాలుగా పడేసరికి పచ్చిక మీద నీడలు లేచాయి. గట్లు, గుంటలు, గీతలు. ఇదిగో వీధి. ఇదిగో వీధికి రెండువైపులా వరసగా ఇళ్లస్థలాలు. ప్రతి ఇంటి వెనకా పొడుగాటి పెరడు. పెరళ్లకు ఆవల ఒకప్పటి నాగటిచాళ్లు అలలుగా గడ్డికింద పడుకుని ఉన్నాయి. మా అల్లుడు మాట్లాడకుండా చాలాసేపు నిలబడ్డాడు.

1948లో మారిస్ బెరెస్‌ఫర్డ్ ఇక్కడికి మొదటిసారి వచ్చాడు. ఆయనకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఆర్థిక చరిత్ర చెప్పే ఉద్యోగంలో అప్పుడే చేరాడు. ఇంగ్లాండులో పాడుపడిన ఊళ్లు చాలా అరుదని పెద్ద చరిత్రకారులే అనుకుంటున్న రోజులవి. బెరెస్‌ఫర్డ్ దస్తావేజుల్లో ఊరి పేర్లు చూశాడు, పటాల్లో వెతికాడు, అవి కనబడలేదు. దాంతో బూట్లు వేసుకుని పొలాలమ్మట బయలుదేరాడు. గడ్డికింద గట్లున్న చోటల్లా ఒక ఊరు దొరికింది. 1954లో ఆయన 'ది లాస్ట్ విలేజెస్ ఆఫ్ ఇంగ్లాండ్' పుస్తకం అచ్చయింది. ఇవాళ అటువంటి ఊళ్లు అక్కడ రెండు వేలకు పైగా లెక్కతేలాయి. లేవనుకున్నవి రెండు వేలు!

1950లో ఆయన వార్రం పెర్సీలో చిన్న గొయ్యి తవ్వాడు. గట్లకింద నిజంగా గోడలున్నాయా అన్నదొక్కటే ఆయన సందేహం. ఉన్నాయి. కానీ ఆయన దస్తావేజులు చదివేవాడు, తవ్వకం ఆయన విద్య కాదు. 1952లో జాన్ హర్స్ట్ వచ్చి కలిశాడు. హర్స్ట్ పురావస్తు శాఖ మనిషి, కుండపెంకుల పని క్షుణ్ణంగా తెలిసినవాడు. ఆ ఏడే పాడుపడిన ఊళ్లను పరిశోధించే బృందం ఒకటి మొదలైంది. అక్కడి నుంచి 1990 దాకా ప్రతి వేసవిలో వాళ్లు అక్కడే. విద్యార్థులు, టీచర్లు, సెలవు పెట్టుకొచ్చిన ఉద్యోగులు పార పట్టారు. పెళ్లికాకముందు వచ్చినవాళ్లు తర్వాత పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. తవ్వకం ఫలితాలు పదమూడు సంపుటాలుగా వచ్చాయి. చివరిది అచ్చయ్యేసరికి 2012. అప్పటికి బెరెస్‌ఫర్డ్ లేడు, హర్స్ట్ లేడు.

ఆ ఊళ్లో రాజు పుట్టలేదు. యుద్ధం జరగలేదు. నిధి దొరకలేదు. మరి నలభై ఏళ్లు ఏం తవ్వారు?

చీపురు చేసిన గుంట

వాళ్లు తవ్వింది రైతు ఇల్లు. అంతకుముందు తవ్వకమంటే గుడి, కోట, మఠం. గొయ్యి సన్నగా లోతుగా తీసి గోడ ఎక్కడుందో చూసేవాళ్లు. రైతు ఇంటికి ఆ పద్ధతి పనికిరాదు. సుద్దరాళ్లు రెండు వరసలుంటే గోడ, లేకపోతే లేదు. గొయ్యి తీసినవాడు గోడ చూడకుండానే దాటిపోతాడు. డెన్మార్క్‌లో యాక్సెల్ స్టీన్స్‌బెర్గ్ అనే ఆయన పల్లెల్ని వేరే రకంగా తవ్వుతున్నాడు. మొత్తం ఇంటిస్థలాన్ని పరిచినట్టు విప్పి, పొరపొరగా, రాయిరాయిగా గుర్తుపెట్టుకుంటూ దిగడం ఆయన పద్ధతి. హర్స్ట్ ఆ పద్ధతి తెచ్చాడు. ఒక్క ఇంటికే ఏళ్లు పట్టింది.

ఏం కనబడింది? పొడుగాటి ఇళ్లు. కొన్నింట్లో ఒక కొసన మనుషులు, ఇంకో కొసన పశువులు, నడుమ నడవ. మనకు ఇది చెప్పనక్కర్లేదు. వానాకాలం గొడ్లను ఇంట్లో కట్టేసుకుని, వాటి నెమరు చప్పుడు వింటూ నిద్రపోయినవాళ్లు ఈ సభలో ఉన్నారు. తాళంచెవులు దొరికాయి. అంటే తలుపు వేసి తాళం పెట్టుకునేంత సామాను ఉంది, పెట్టుకోవాల్సిన అవసరమూ ఉంది. సముద్రపు చేపల ఎముకలు దొరికాయి. గుట్టల నడుమ లోయలో ఉన్న ఊరు కూడా సంతకు పోయింది, తీరం నుంచి వచ్చిన చేప కొనుక్కుంది.

నన్ను పట్టి ఆపింది మాత్రం నేల. ఆ ఇళ్ల నేలలు చదునుగా లేవు. నడుమ దొప్పలాగా పల్లంగా ఉన్నాయి. ఎందుకయ్యా అంటే, ఊడ్చి ఊడ్చి. మట్టినేలను రోజూ చీపురుతో ఊడుస్తుంటే ఒక్కో పొర దుమ్ము లేచిపోతుంది. ఒక తల్లి, ఆమె తర్వాత కోడలు, ఆ కోడలి కోడలు. అలా తరతరాలు ఊడ్చిన ఊడ్పుకు నేల గుంటపడింది. ఊడ్చిన ఇల్లు కాబట్టి నేలమీద పెద్దగా ఏమీ దొరకలేదు. చెత్తంతా పెరట్లో పెంటలోకి, అక్కణ్నుంచి చేలోకి పోయింది.

ఆ ఆడవాళ్లలో ఒక్కరి పేరూ మనకు తెలియదు. భూమి ఎవరి పేరిట ఉందో, శిస్తు ఎంతో కాగితాల మీద ఉంది. 1086లో విలియం రాజు రాయించిన డూమ్స్‌డే పుస్తకంలోనే వార్రం పేరుంది. కానీ ఆ పుస్తకం అడిగింది ఎన్ని నాగళ్ల నేల, ఎంత రాబడి అనే. వాకిలి ఎవరు ఊడ్చారో అది అడగలేదు. ఆ సంగతి రాసి పెట్టింది ఆ నేల.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. తవ్వినవాళ్లు మొదట్లో ఒక పొరపాటు చేశారు. గోడల రాళ్లు నాసిగా ఉన్నాయి, ఒక గోడ మీద ఇంకో గోడ వంకరగా వచ్చింది. దాన్ని చూసి, ఇవి పూరిపాకలు, ఇరవై ముప్ఫై ఏళ్లకొకసారి కూలడం, మళ్లీ కట్టుకోవడం, ఇదే పేదరైతు బతుకు అనుకున్నారు. చాలాకాలం పుస్తకాల్లో అదే రాశారు. తర్వాత అదే తవ్వకంలో పనిచేసిన స్టువర్ట్ రాత్‌మెల్ ఆ పటాలన్నీ ముందేసుకుని మళ్లీ చూశాడు. గోడ కప్పును మోయడం లేదని పట్టుకున్నాడు. కప్పును మోసింది నేల నుంచి కొప్పుదాకా వంగి లేచిన జంటదూలాలు. ఆ చట్రం తరాలపాటు నిలిచింది. గోడ నడుమ అడ్డం మాత్రమే. కూలితే పేర్చుకున్నారు, ఉబ్బితే పక్కకు కట్టుకున్నారు. ఇల్లు అదే ఇల్లు.

మన పాత మిద్దెలు కట్టిన వడ్రంగిని అడిగితే ఈ సంగతి ఒక్క నిమిషంలో చెప్పేవాడు. బరువంతా స్తంభాల మీద, దూలాల మీద. మట్టిగోడ వానకు జారితే మిద్దె జారదు. పేదవాడి గోడ చూసి పేదవాడి ఇల్లు అంచనా కట్టారు. వాడి దూలం పుచ్చిపోయి కనబడకుండా పోయింది కాబట్టి, దూలమే లేదనుకున్నారు. లేనివాళ్ల చరిత్ర రాసేటప్పుడు మనమూ తరచూ చేసే పొరపాటు ఇది. వార్రం పెర్సీలో నాకు అన్నిటికంటే నచ్చింది, ఆ తప్పును బయటివాళ్లు కాక, అదే మట్టిలో మోకాళ్లూనిన మనిషి దిద్దడం.

గుడిగోడలో జనాభా లెక్క

ఆ కాలపు కట్టడాల్లో ఊళ్లో ఇవాళ నిలబడి ఉన్నది ఒక్కటే, సెయింట్ మార్టిన్ గుడి. పైకప్పు లేదు. 1949లో చివరి ప్రార్థన జరిగింది. పదేళ్లకు, 1959లో, గోపురం సగం కూలింది. మిగిలిన సగం చీల్చిన కట్టెలా నిలబడి ఉంది.

ఆ గోడల్ని చదవడం తెలిస్తే ఊరి జనాభా చదవవచ్చు. మొదట చిన్న గుడి. జనం పెరిగారు. 12వ శతాబ్ది చివర్లో దక్షిణం గోడను కమానులుగా తొలిచి పక్కన వసారా కట్టారు. ఆ తర్వాత ఉత్తరాన కూడా. జనం పట్టలేదు మరి. 14వ శతాబ్ది మొదట్లో ఊరు దాదాపు నలభై గడప. తర్వాత జనం తగ్గారు. వసారాలు ఖాళీ పడ్డాయి, మరమ్మతు చేయించే దిక్కులేదు. వాటిని తీసేసి, కమానుల మధ్య రాళ్లు పేర్చి మూసేశారు. ఇవాళ దక్షిణపు గోడ దగ్గర నిలబడితే గోడలో మూసిన కమానులు కనిపిస్తాయి. అవతలికి దారి ఉన్నట్టే ఉంటుంది, దారి ఉండదు. నేను చెయ్యిపెట్టి తడిమాను. కమాను రాయి నున్నగా చెక్కింది, మూసిన రాయి గరుకుది. డబ్బున్న కాలం, లేని కాలం చేతికే తెలిసిపోతాయి.

గుడి పక్కనే కట్ట ఉంది. మొదట పిండిమరకు నీళ్లు కట్టిన గుంట, తర్వాత చేపల చెరువయింది. తవ్వినవాళ్లు ఆ కట్టను విప్పి, పొరలు చదివి, మళ్లీ కట్టి నీళ్లు నింపారు. ఊరు మొత్తంలో ఇప్పటికీ కదిలేది ఆ నీళ్లే.

ఎముకల్లో తల్లిపాలు

గుడి పక్క స్మశానంలో 687 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఇంగ్లాండులో పల్లె జనం ఇంతమంది ఒక్కచోట పరిశోధనకు దొరకడం అరుదు. సైమన్ మేస్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి వాటిని పరీక్షించారు. శవాలను కదిలించడం తేలికైన విషయం కాదని నాకు తెలుసు. మనలో చాలామందికి మనసొప్పదు. కానీ కాగితం మీద లేనివాళ్లు తమ సంగతి తాము చెప్పుకోవడానికి ఆ ఎముకలు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

పిల్లల ఎదుగుదల చూశారు. ఆ ఊరి పద్నాలుగేళ్ల పిల్లవాడు ఇప్పటి పదేళ్లవాడికంటే కొంచెమే ఎత్తు. జబ్బులు, చాలీచాలని తిండి ఎముక పొడవులో రాసి ఉన్నాయి. అదే చోట ఇంకొకటి కనబడింది. తల్లిపాలు తాగే పిల్లల ఎముకల్లో ఒక రకం నత్రజని శాతం ఎక్కువగా ఉంటుంది, పాలు మాన్పించాక తగ్గుతుంది. దాన్ని కొలిచి చూస్తే, ఆ తల్లులు దాదాపు ఏడాదిన్నర దాకా పాలిచ్చారని తేలింది. అదే పసివాళ్లను కాపాడింది. పాలు మానినాకే కష్టాలు మొదలయ్యాయి.

ఆలోచించండి. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక రైతు ఇల్లాలు చేను పని మానుకుని, గట్టుమీద కూచుని, బిడ్డకు పాలిచ్చింది. ఎవరు రాస్తారు ఆ సంగతి? ఏ శాసనంలో చెక్కుతారు? బిడ్డ ఎముకలో ఉండిపోయింది.

నడివయసు మనిషి ఒకడు దొరికాడు. వెయ్యేళ్ల కిందటివాడు. ఎవరో బరువైన దానితో తలమీద కొట్టారు, పుర్రె చితికింది. దాని పక్కన ఎముకను జాగ్రత్తగా గీకి ఎవరో వైద్యం చేశారు. గాయం మాని ఎముక కొత్తగా పెరిగింది. అంటే ఆ మనిషి తర్వాత చాలాకాలం బతికాడు. రాజుల ఊళ్లోనో, పెద్ద మఠంలోనో అయితే ఆశ్చర్యం లేదు. ఈ మారుమూల లోయలో ఆ విద్య తెలిసిన చెయ్యి ఒకటుంది.

పల్లెను కీర్తించడానికి నేను రాలేదు కనక, నచ్చని సంగతి కూడా చెబుతాను. స్మశానంలో కాకుండా ఇళ్ల నడుమ ఒకచోట 137 ఎముక ముక్కలు దొరికాయి. కనీసం పదిమంది మనుషులవి. కత్తిగాట్లున్నాయి, కొన్ని కాలాయి. వీళ్లు బయటివాళ్లేమో అని పళ్లు పరీక్షిస్తే, ఆ చుట్టుపక్కల పుట్టిపెరిగినవాళ్లేనని తేలింది. చచ్చినవాళ్లు లేచి తిరుగుతారని భయపడి శవాలను కోసి కాల్చి ఉంటారని 2017లో పరిశోధకులు రాశారు. బిడ్డకు ఏడాదిన్నర పాలిచ్చిన ఊరు, తల పగిలిన మనిషిని బతికించిన ఊరు, తన చుట్టాల శవాలకే భయపడిన ఊరు ఒకటే. ఊరి చరిత్ర అంటే ఇవన్నీ కలిపి రాయాలి. నచ్చినవే ఏరుకుంటే అది స్థలపురాణమవుతుంది.

ఎవరు ఖాళీ చేయించారు

ఇప్పుడు సారు అడిగిన ప్రశ్నకు వద్దాం. ఊరు ఎందుకు పోయింది?

అక్కడి నాయనమ్మలు చెప్పేదీ మన నాయనమ్మలు చెప్పేదీ ఒకటే. మహమ్మారి వచ్చి పోయిందని. మహమ్మారి వచ్చిన మాట నిజం. 1349లో ప్లేగు యార్క్‌షైర్‌ను ఊడ్చేసింది. వార్రం పెర్సీలోనూ చాలామంది పోయి ఉంటారు. కానీ ఊరు పోలేదు. ప్లేగు తర్వాత ఇంకో నూటయాభై ఏళ్లు అక్కడ నాగళ్లు కదిలాయి, చీపుర్లు ఆడాయి, పిల్లలు పుట్టారు.

జరిగింది ఇది. జనం తగ్గారు, కూలి పెరిగింది. పెరగకూడదని 1351లో చట్టం చేశారు, అయినా పెరగడం ఆగలేదు. తినేవాళ్లు తగ్గారు కనక గింజకు ధర లేదు. ఉన్నికి మాత్రం గిరాకీ ఉంది. దున్నించాలంటే ఎడ్లు కావాలి, మనుషులు కావాలి, వాళ్లకు కూలి ఇవ్వాలి. గొర్రెలకైతే ఒక కాపరి, ఒక కుక్క చాలు. భూస్వామి లెక్క వేసుకున్నాడు. 15వ శతాబ్ది మొదట్లో ఊరు పెర్సీ అనే భూస్వాముల వంశం చేతిలోంచి హిల్టన్ల వంశం చేతికి మారింది. వాళ్ల కోట ఎక్కడో ఉత్తరాన డరమ్ వైపు. ఆ పల్లెలో ఎవరి వాకిలి ఎటుందో వాళ్లకు అక్కర్లేదు.

ఒక్కో రైతు వెళ్లిపోయాడు, వాడి నేల పక్కవాడి చేతికో, గొర్రెల బీడులోకో పోయింది. ఇలా ఊళ్లు ఖాళీ అవుతుంటే రాజ్యమే భయపడి 1489లో చట్టం చేసింది. 1517లో కార్డినల్ వూల్జీ విచారణ సంఘాలు వేశాడు. వాటిలో ఒకటి వార్రం పెర్సీ గురించి చెప్పింది ఇంతే. బారన్ హిల్టన్ నాలుగు నాగళ్లు మాన్పించాడు, నాలుగు ఇళ్లు పడిపోనిచ్చాడు. ఒక్క ముక్కలో రాసి పడేశారు.

నాలుగిళ్లంటే ఇరవై మంది ఉంటారేమో. గొడ్లను తోలుకుని, చీపురు, చేట, తాళంచెవి పట్టుకుని ఆ లోయ ఎక్కి పోయి ఉంటారు. ఎక్కడికో తెలియదు. గుడి మాత్రం వెంటనే మూతపడలేదు. అదే గుడి కిందికి వచ్చే పక్క ఊళ్లు ఇంకా ఉన్నాయి. వాటిలోనూ టౌథార్ప్, బర్డేల్, రేస్‌థార్ప్ ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. థిక్సెన్‌డేల్ ఒక్కటి మిగిలింది. ఆ ఊరివాళ్లు శతాబ్దాలపాటు గుట్టలు దాటి, ఇళ్లులేని వీధిలోంచి నడిచి ఈ గుడికి వచ్చి దండం పెట్టుకున్నారు. చచ్చినవాళ్లను ఇక్కడికే మోసుకొచ్చారు.

ఊరంతా గొర్రెలమేత అయింది కనక, ఆ నేలను మళ్లీ ఎవరూ దున్నలేదు. అందుకే గట్లు అలాగే నిలిచాయి. ఆ గడ్డి కిందే బెరెస్‌ఫర్డ్‌కు ఊరు దొరికింది.

గత్తర అంటే ఎవరి తప్పూ లేదు. దైవం చేసింది. ప్లేగు కథ బారన్ హిల్టన్‌కు చాలా అనుకూలమైన కథ. ఊరి జ్ఞాపకంలో మిగిలింది అదే. సారు "అక్కడే ఆగకు" అన్నది ఇందుకేనని నాకు ఆ లోయలో నిలబడ్డాక అర్థమయింది. మహమ్మారి ఊరిని పలచన చేస్తుంది. ఖాళీ చేయించేది మాత్రం మనిషే, లెక్క వేసుకుని, కాగితం మీద.

మన దిబ్బలు

1949లో, బెరెస్‌ఫర్డ్ వార్రం పెర్సీలో నడుస్తున్న కాలంలోనే, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అచ్చయింది. రాజుల వంశావళులు కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నదే చరిత్ర అని ఆ పుస్తకం నిలబడి చెప్పింది. ఒకరిది గ్రంథాల దారి, ఒకరిది మట్టి దారి. ఇద్దరూ చేరాలనుకున్నది ఒకే వాకిలికి.

అంతకు నూటయాభై ఏళ్ల ముందే మన ఊళ్ల చరిత్రలు రాయించినవాడు ఒకడున్నాడు. కాలిన్ మెకంజీ. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఆయనకు కళ్లూ చెవులూ అయి ఊరూరా కైఫియత్తులు సేకరించారు. ఆ రుణం మనం తీర్చుకోలేం. అయితే కైఫియత్తు చెప్పింది కరణం, విన్నది సర్కారు. గుడి ఎవరు కట్టించారు, మాన్యం ఎంత, ఎల్లలేవి అన్నది వచ్చింది. డూమ్స్‌డే పుస్తకంలో లాగే చీపురు పట్టిన చెయ్యి ఇందులోనూ రాలేదు.

మట్టిని అడిగితే ఏమవుతుందో మన నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో బూడిద దిబ్బ ఉండేది. ఇలాంటి దిబ్బల్ని రాక్షసులు కాలిన బూడిద అని జనం చెప్పుకునేవాళ్లు. 1957లో రేమండ్ ఆల్చిన్ అనే ఇంగ్లీషు పురావస్తు పండితుడు దాన్ని తవ్వాడు. అది కాలిన పేడ. పశువుల దొడ్డి చుట్టూ పాతిన కొయ్యల గుంటలు దొరికాయి. గట్టిపడిన నేల మీద గొడ్ల గిట్టల గుర్తులు కూడా దొరికాయి. నాలుగు వేల ఏళ్లు దాటిన గిట్టల గుర్తులు! రాక్షసులు పోయి పశువులకాపరులు వచ్చారు. నాకు రాక్షసులకంటే కాపరులే గొప్పగా అనిపిస్తారు. వాళ్లు మన తాతలు.

ఖాళీ చేయించిన ఊళ్లూ మనకున్నాయి, మన కళ్లముందే. శ్రీశైలం జలాశయం కోసం ఇటు పాలమూరులో, అటు కర్నూలులో ఎన్నో ఊళ్లు లేచిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి అలంపురానికి తరలించారు. మంచి పని, మెచ్చుకోవాలి. కానీ ఏ ఇంటి నేలకూ ఎవరూ అంకె వేయలేదు. ఆ ఇళ్లలో పుట్టినవాళ్లు ఇంకా ఉన్నారు. ఎండాకాలం నీళ్లు తగ్గితే పోయి, "ఇదిగో మా కట్టెలపొయ్యి ఇక్కడుండె" అని బురదలో కాలుపెట్టి చూపిస్తారు. వాళ్లకు డెబ్బై దాటాయి. తవ్వనక్కర్లేదు, అడిగితే చాలు. ఇంకో పదేళ్లకైతే అడగడానికి మనిషి ఉండడు.

ఇక మన ఊరి పాటిగడ్డ. ఇప్పుడది లేదు. పాటిమన్ను చేనుకు బలమని మొదట ఎడ్లబండ్ల మీద, తర్వాత ట్రాక్టర్ల మీద తోలుకుపోయారు. నేను ఎవర్నీ తప్పుపట్టను. మా చేలోకి కూడా నాలుగు ట్రిప్పులు వచ్చింది. ఆ మన్నులో మా నాన్న మిరప పెట్టాడు, బాగా కాసింది. ఆ చేలో ఇవాళ్టికీ నాగలికి చిల్లపెంకులు తగులుతుంటాయి. అది ఎవరి ఊరో, ఎందుకు పోయిందో మాత్రం మనం తెలుసుకోలేదు. తెలుసుకునే వీలు ఇక లేదు.

సారు చనిపోయాక వాళ్లింట్లో పుస్తకాలు సర్దుతుంటే ఒక లాంగ్ నోట్‌బుక్ దొరికిందని పెద్దమ్మాయి గారు నాకు చూపించారు. మన ఊరి వీధులు గీసి, ఇల్లు ఇల్లుకూ ఎవరు కట్టారు, ఎప్పుడు పాలు పంచుకున్నారు, కోడలు ఏ ఊరి నుంచి వచ్చింది అని రాసుకున్నారు. పడమటి వీధి పూర్తయింది. తూర్పు వీధి సగం. వాడల్లోకి వచ్చేసరికి పేజీకో ఇంటి నంబరు వేసి, కింద ఖాళీ ఉంచారు. అడగడానికి టైము చాలలేదు.

వార్రం పెర్సీకి నలభై ఏళ్లు పట్టింది, అదీ మాట్లాడే మనిషి ఒక్కడూ మిగలనందువల్ల. మన ఊళ్లో ఇంకా దీపం ఉంది. ఈ సభ అయిపోయాక ఆ నోట్‌బుక్ నకలు తీసి బడికి ఇస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో ఖాళీ పేజీ తీసుకోండి. ఆ ఇంటికి పోయి, పెద్దవాళ్లలో ముందుగా అవ్వ దగ్గర కూచోండి. ఊరి గొప్పలు అడక్కండి. నువ్వు ఈ ఇంటికి వచ్చిననాడు పొయ్యి ఎటుండె అవ్వా, గొడ్లను ఎక్కడ కట్టేవాళ్లు, ఈ వాకిలి నీకంటే ముందు ఎవరు ఊడ్చేవాళ్లు అని అడగండి. ఆమె చెప్పిన పేరు రాసుకోండి.

సారుకు నా నమస్కారం.